పసుపు ఇంజను

మా అమ్మ కొలతలు తీసే మైక్రోమీటరుకు పసుపు పూసినందువల్లే ఓబిరెడ్డి మామ ఇంజను తిరగకుండా పట్టేసిందని తాడిపత్రిలో పాతకాలం మెకానిక్కులను ఎవరిని అడిగినా చెప్తారు. అబద్ధం. ఈ అబద్ధం ఎంత పాతదంటే దానికి పెండ్లయి పిల్లలు కూడా పుట్టినారు. ఒక టీ అంగడి దగ్గర మా అమ్మ పసుపుతో పాటు ఇంజనులోకి కొబ్బరినీళ్లు కూడా పోసిందంటారు. ఇంకో అంగడి దగ్గర పిస్టన్లకు వరసగా బొట్లు పెట్టి హారతి పట్టిందంటారు. బయటివాళ్లు నవ్వితే పోనీలే అనుకోవచ్చు. మా తమ్ముడు రమణ, కన్నతల్లి గదా అని కూడా చూడకుండా, షెడ్డుకు కొత్త గిరాకీ వచ్చినప్పుడల్లా కాఫీ తెప్పించి ఈ కతే చెప్తాడు. నేను ఫిజిక్సు చెప్పుకొని బతికేదాన్ని. అనంతపురంలో ఇంటర్ పిల్లలకు స్క్రూగేజి పట్టుకోవడం నేర్పి నేర్పి నా చూపుడువేలు కాయ గాసింది. ఆ కత ఎక్కడ తప్పో నాకు తెలుసు. ఇన్నాళ్లూ తెలిసినా రుజువు చేతిలో లేదు, అంతే.

మొన్న దసరా సెలవులకు పోయినప్పుడు అది దొరికింది. అమ్మ ఇప్పుడు రమణ దగ్గరే ఉంటుంది. నాయన షెడ్డు ఉన్న జాగాలోనే వాడు పెద్ద వర్క్‌షాపు కట్టినాడు. దాంట్లో ఒక మూల గాజు తలుపులు పెట్టి ఏసీ గది కూడా కట్టించుకున్నాడు, కొలతలు తీసే గది. నేను పోయేసరికి బెంగళూరు నుంచి ఒక సారు వచ్చి కూర్చోని ఉన్నాడు. బట్టతల, మెత్తటి మాట. వారమంతా కంప్యూటరు ముందర కూర్చొని, శని ఆదివారాలు పాత జీపులతో కొండలెక్కే మనిషి. ఆయనకు స్ట్రోకరు ఇంజను కావాలంట. సిలిండరులో పిస్టన్ పైకీ కిందికీ పోయే దూరాన్ని స్ట్రోకు అంటారు. పిస్టన్లను ఆడించే క్రాంకు మార్చి ఆ దూరం పెంచితే అదే ఇనుపదిమ్మెలో నుంచి ఎక్కువ బలం వస్తుంది. ఇప్పుడు దానికి స్ట్రోకరు అని పేరు పెట్టుకొని ఫోన్లలో వీడియోలు చూసి మురిసిపోతాండారు. మా నాయన దాన్ని పేరు లేకుండానే చేసినాడు.

ఆ పొద్దు చేసిన ఇంజను బ్లాకు, అదే ఆ ఇనుపదిమ్మె, అన్నేళ్లుగా షెడ్డు వెనక కానుగచెట్టు కింద ఉండింది. పాత ఇనుము వాళ్లు ఎన్నిసార్లు అడిగినా నాయన ఇవ్వలేదు. సిలిండర్ల నిండా గ్రీసు పూసి, గుడ్డలు కుక్కి, గోనెపట్ట చుట్టి, పైన తాడిపత్రి బండ ఒకటి మూత పెట్టి ఉంచినాడు. ఆ బండ మీద కూర్చొనే నేను డిగ్రీ చదివినాను. నాయన పోయినాక కూడా దాన్ని ఎవరూ కదిలించలేదు. ఇప్పుడు దాంతోనే ఈ సారుకు ఇంజను కట్టియ్యాలని రమణ దాన్ని బయటికి లాగించి, చైను కప్పీతో ఎత్తి, బల్ల మీద పెట్టించినాడు. "ఇదే సార్, నేను చెప్పిన పసుపు ఇంజను" అన్నాడు పండ్లన్నీ బయటపెట్టి. సారు కూడా నవ్వినాడు. రమణ గోనెపట్ట కోసి, గుడ్డ పీకినాడు. ఆ గ్రీసు మైనం మాదిరి గడ్డకట్టి ఉంది. దాంట్లో నుంచి వచ్చిన వాసనకు నేను తిట్టాలనుకున్న తిట్టు నోట్లోనే ఆగిపోయింది. కిరసనాయిలు, కాలిన నూనె, ఇనుపరజను, వీటన్నిటి కిందా తడి బండ చలువ. ఇనుము వాసనకు చలువ ఉంటుందా అని అడగొద్దు. మా ఇంట్లో ఉండేది.

మా ఇల్లూ షెడ్డూ ఒకే గోడకు అటొకటి ఇటొకటి. షెడ్డుకు పైన రేకులు. ఎండాకాలం రేకుల కింద పనిముట్లు ముట్టుకుంటే చెయ్యి కాలేది. లేత్ మిషను ముందర నిలబడి నాయన చెమటను భుజం మీది తువాలుతో తుడుచుకుంటూ, "ఎండలో కొలిస్తే ఇనుము అబద్ధం చెప్తాది పాపా" అనేవాడు. వేడికి ఇనుము పెరుగుతుంది. కొలిచే పనిముట్టూ పెరుగుతుంది, కానీ రెండూ ఒక తీరుగా పెరగవు. అందుకని ముఖ్యమైన పని ఏదైనా వస్తే ఆ బ్లాకును కడ్డీలకు కట్టి, నలుగురు పట్టుకొని, ఇంట్లోకి తెచ్చేవాళ్లు. మా నడిమింట్లో తాడిపత్రి బండలు పరిచి ఉండేవి. బయట ఎంత మంట ఉన్నా ఆ బండలు మాత్రం కుండలో నీళ్ల మాదిరి ఉండేవి. బ్లాకును ఆ బండల మీద దించేవాళ్లు. పక్కన చెక్కపెట్టెలో మైక్రోమీటరు, ఇంకో పెట్టెలో బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, కొలిచే గేజి, కొత్త పిస్టన్లు. అన్నీ ఒకే చలువలో పండుకొని లేచినాకనే కొలత.

అట్లా మా ఇంటికి చుట్టాలు వచ్చినట్లు ఇంజన్లు వచ్చేవి. లారీవి, జీపువి, నీళ్లు తోడేవి. పొద్దుగూకితే మేము వాటి చుట్టూ చాపలు పరుచుకొని పడుకొనేవాళ్లం. ఆ ఇల్లంతటికీ అంత చల్లగా ఉండే జాగా అదొకటే మరి. నాకు ఆ సిలిండరు గుండ్రాలు నోరు తెరిచి నిద్రపోతున్న మనుషుల మాదిరి కనపడేవి. ఒకటి తాత, ఒకటి అవ్వ. చెవి ఆనిస్తే లోపల గాలి ఎక్కడో దూరంగా చెరువుగట్టు మీద నడుస్తున్నట్లు వినపడేది. ఇప్పటికీ కొన్నిసార్లు కలలో ఆ గది వస్తుంది. అందరమూ అదే వయసులో, అదే చాపల మీద. మధ్యలో నల్లటి ఇనుపదిమ్మె మాత్రం నిదానంగా ఊపిరి తీస్తూ ఉంటుంది. ఒకసారి చెంప ఆనించి పడుకున్నానని నాయన కేకలేసినాడు. "చెంప తీయ్ పాపా! నీ ఒంటి వేడికి అది పెరుగుతాది!" మా అమ్మ చాప మీద నుంచే, "బిడ్డకంటే ఇనుమే ఎక్కువైపోయిందా నీకు? వచ్చే జన్మలో దాని కడుపునే పుడుదువులే" అంది. నాయన నవ్వలేదు. ఇనుము విషయంలో ఆయనకు హాస్యం పనికిరాదు.

తెల్లవారుజామున కొలతలు. ఆ పొద్దు ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. అమ్మ బయట మూడురాళ్లు పెట్టుకొని నీళ్లు కాచేది. తూర్పు కిటికీ మూసి, ఉత్తరం కిటికీ తెరిచి, నాయన స్నానం చేసి తడి తలతోనే వచ్చి కూర్చొనేవాడు. గేజి కడ్డీని సిలిండరులోకి దించి, కొంచెం అటూ ఇటూ ఊపుతూ, ముల్లు ఎక్కడ తిరుగుతుందో చూసి, అంకె పైకి చదివేవాడు. పైన ఒకసారి, నడుమ ఒకసారి, కింద ఒకసారి. మళ్లీ అడ్డంగా. ఆయన రాసుకొనే మనిషి కాదు. అంకె చదవగానే గడప దగ్గర కూర్చొని సంగటికి రాగిపిండి జల్లిస్తున్న అమ్మ దాన్ని తిరిగి చెప్పేది. ఆయన "రెండోదానికి ఒకటిన్నర" అంటే, జల్లెడ ఆపకుండానే "రెండోదానికి ఒకటిన్నర" అనేది ఆయమ్మ. మధ్యాహ్నం లేత్ దగ్గర నిలబడి ఆయన "ఏమే, రెండోది?" అని కేకేస్తే ఇంట్లోంచి జవాబు వచ్చేది. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్కకు షెడ్డులో తౌ అని పేరు. ఏ సిలిండరుకు ఎన్ని తౌలో, అది ఎన్నో ఇంజనో, మా అమ్మకు కొడుకు జ్వరం గుర్తున్నట్లు గుర్తుండేది. ఈ మాట ఎందుకు చెప్తాండానో తర్వాత తెలుస్తుంది.

ఓబిరెడ్డి మామ మాకు చుట్టం కాదు. శింగనమల దిక్కు మెట్టభూములున్న రైతు. మా నాయనను పేరు పెట్టి పిలవకుండా "ఏమప్పా" అనేవాడు, మా అమ్మను "తల్లీ" అనేవాడు. వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం అది. బావులు అడుగంటినాయి. మామ లోతుగా బోరు వేయించి, దాంట్లోకి గాలి కొట్టి నీళ్లు పైకి తెచ్చే కంప్రెసరు పెట్టించుకున్నాడు. దాన్ని తిప్పడానికి పాత జీపు ఇంజను. అది నీళ్లు పైదాకా తెచ్చే లోపల దగ్గి ఆగిపోయేది. "దీనికి దమ్ము చాలదప్పా. ఏం చేస్తావో చెయ్యి. శెనక్కాయ పూతకొచ్చింది" అన్నాడు. నాయన రెండు దినాలు ఆ ఇంజను చుట్టే తిరిగినాడు. తర్వాత బెంగళూరులో పాత సామాన్లు అమ్మే గుజిరీకి పోయి, ఇంకో పెద్ద ఇంజను క్రాంకు ఒకటి గోనెలో చుట్టుకొని బస్సులో తెచ్చినాడు. ఆ పొడుగు చెయ్యి క్రాంకును ఈ చిన్న దిమ్మెలో కూర్చోబెడతానన్నాడు. తాడిపత్రిలో లేతులున్న వాళ్లందరూ నవ్వినారు. "ఎద్దును మేక దొడ్లో కట్టేస్తావా?" అన్నాడు ఒకాయన మా షెడ్డు ముందరే నిలబడి. "కట్టేస్తా. దొడ్డి గోడ కొంచెం చెక్కుతా" అన్నాడు నాయన.

నిజంగానే చెక్కాల్సి వచ్చింది. క్రాంకు పొడుగు చెయ్యి తిరిగినప్పుడు పిస్టన్‌ను దానికి కలిపే కనెక్టింగ్ రాడ్డు బోల్టులు సిలిండర్ల అడుగు అంచులకు తగులుతాయి. ఆ అంచుల్లో చిన్న చిన్న గాడులు తీస్తేనే అది పూర్తిగా తిరుగుతుంది. ఆ గాడులకు అవతలే ఇంజనును చల్లబరిచే నీళ్లు తిరిగే గది ఉంటుంది. రెంటికీ మధ్య గోడ ఎంత మందమో పైనుంచి కొలిచే పనిముట్టు అప్పుడు మాకు లేదు. నాయన బ్లాకును తలకిందులుగా పెట్టి, చిన్న సుత్తితో కొట్టి, మోత వింటూ, గ్రైండరుతో కొంచెం కొంచెం తీసినాడు. నిప్పురవ్వలు కానుగపూల మాదిరి రాలేవి. క్రాంకు పెట్టి, చేత్తో తిప్పి, ఎక్కడ తగులుతుందో చూసి, "మూడోదానికి ఇంకొంచెం" అన్నాడు. గడప దగ్గర నుంచి "మూడోదానికి ఇంకొంచెం" అని వచ్చింది.

గాడులు అయినాక సిలిండర్లను లోపల కొలతకు తొలిచే బోరింగు పని. ఆ పని మధ్యలో ఆయుధపూజ వచ్చింది. ఆ దినం పనిముట్లు ముట్టుకోకూడదు. అమ్మ లేత్ మిషనును చింతపండు పెట్టి తోమి, ప్రతి స్పానరుకూ పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూలు చుట్టి, గడప ముందర గుమ్మడికాయ కొట్టించింది. మైక్రోమీటరు పెట్టె మాత్రం ముట్టుకోవద్దని నాయన ముందే చెప్పినాడు. "అన్నిటికీ పెట్టి దానికొక్కదానికి పెట్టకుంటే అది అలగదా?" అని ఆయమ్మ పెట్టె తెరిచి, దాని నోటికి రెండువైపులా రెండు చుక్కలు పెట్టింది. మరుసటి పొద్దున నాయన చూసి, తిట్టుకుంటూ పంచె కొసతో తుడిచి, కొలతలకు కూర్చున్నాడు. ఇదీ పసుపు కతకు విత్తనం. ఇంతవరకూ నిజమే. నేను కళ్లారా చూసినాను.

ఇంజను బిగించి ఓబిరెడ్డి మామ చేన్లో నడిపిన దినం మమ్మల్ని కూడా ట్రాక్టరులో తీసుకుపోయినారు. ఎర్రమన్ను, మధ్యలో ఇనుప గొట్టం, చుట్టూ ఊరంతా. ఇంజను దగ్గలేదు. లోతైన గొంతుతో ఒకటే లెక్కన కొట్టుకుంది. చాలాసేపు గాలి మాత్రమే వచ్చింది. తర్వాత గొట్టం గురగురమని, ఎర్రటి బురద, తర్వాత తేటనీళ్లు. మామ తలపాగా తీసి ఆ నీళ్ల కింద తల పెట్టినాడు. నేను కాలువలో నిలబడి, కాళ్ల సందుల్లో నుంచి పోయే నీళ్లను చూస్తూ, ఇవి మా నడిమింట్లో నిద్రపోయిన దిమ్మె పంపిన నీళ్లు గదా అనుకున్నాను. నాయన దూరంగా, తుమ్మచెట్టు నీడలో, చేతులు వెనక కట్టుకొని నిలబడినాడు. ఆయన అంత పొడుగ్గా మళ్లీ ఎప్పుడూ కనపడలేదు నాకు.

కాయ ఊరే వేళకు ఇంజను పట్టేసింది. ట్రాక్టరు మీద దాన్ని మా షెడ్డుకు తెచ్చి పడేసిపోయినారు. మరుసటి దినం పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకొని షెడ్డు వెనక్కి పోయినాను. కానుగచెట్టు మొదట్లో పాలు ఎక్కువ పోసిన కాఫీ మాదిరి ఒక మడుగు. చీమలు దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగిపోతున్నాయి. చెట్టు నీడ దాని మీద కదులుతా ఉంటే అది కూడా మెల్లగా కదులుతున్నట్లు అనిపించింది. ఎంత బాగుందో అని చూస్తూ నిలబడినాను. "నాయనా, ఈడ కాఫీ ఎవురు పారబోసినారు?" అన్నాను. నాయన పార తీసుకొని దాని మీద మన్ను కప్పుతూ, "నూనె లే పాపా. తొక్కుతావు, పక్కకు రా" అన్నాడు. నాలుగు అడుగుల అవతల అమ్మ బూడిద వేసి గిన్నెలు తోముతూ ఉంది. తల ఎత్తలేదు.

పొద్దెక్కినాక ఓబిరెడ్డి మామ వచ్చినాడు. వెనక ఊరివాళ్లు కొందరు, మొదట్లో నవ్విన లేతులవాళ్లు కొందరు. అప్పటికే నాయన ఇంజను విప్పి, బ్లాకు మీద గోనె కప్పినాడు. మామ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"చేను ఎండుతాండాది అప్పా. నీ చెయ్యి మీద నమ్మకంతో ఇచ్చినా. ఏం జరిగిందో ఒక్క మాట చెప్పు" అన్నాడు.

నాయన చేతిలో నూలుపీచుతో వేళ్లు తుడుచుకుంటా ఉన్నాడు. తుడిచిన వేలే మళ్లీ తుడిచినాడు. అవతలి లేతాయన, "ఏముంది చెప్పేదానికి? చెయ్యి తిరగని పని చేస్తే ఇంతే" అన్నాడు.

అప్పుడు మా అమ్మ గడప దాటి వచ్చింది. కొంగు నడుముకు చెక్కుకొని, వాళ్ల మధ్యలో నిలబడి, "తప్పు ఆయప్పది కాదు రెడ్డన్నా, నాది. పండగ దినం వద్దన్నా వినకుండా కొలిచే దానికి పసుపు పూసినా. కొలత తప్పింది. పిస్టన్ బిగుసుకుంది" అంది.

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వినారు. ఆ నవ్వుతో అక్కడ బిగుసుకొని ఉన్నదంతా వదులైపోయింది. మామ చాలాసేపు మా అమ్మనే చూసి, "దేవుని పసుపు. నిన్నేమంటాం తల్లీ" అని తిరిగి పోయినాడు. ఆ ఏడు ఆయన చేను ఎండిపోయింది. మా నాయన చేతికి మాత్రం చెడ్డపేరు రాలేదు. చచ్చేదాకా ఆ ప్రాంతంలో బోరింగు అంటే ఆయనే. మా అమ్మకు పెండ్లిండ్లలో, పేరంటాల్లో, "ఏం వదినా, పసుపు జాగ్రత్త" అని ఎకసెక్కాలు. ఆ తర్వాత ఏ ఆయుధపూజకూ ఆయమ్మ షెడ్డులో కాలు పెట్టలేదు. నాయనే పూజ చేసేవాడు. స్పానర్లకు పెట్టిన బొట్లు వంకరగా, ఎగుడుదిగుడుగా ఉండేవి. కొలతల మనిషి బొట్లు అవి.

ఇదంతా గ్రీసు వాసనలో ఒక్కసారి లేచి వచ్చి కూర్చుంది. మా రమణ ఇంకా నవ్వుతానే ఉన్నాడు.

"నవ్వింది చాలు గానీ, ఒక మాట చెప్పు. మైక్రోమీటరు నోటికి పసుపు అంటుకొని ఉండిందనే అనుకో. పిస్టన్ కొలిస్తే ఏమవుతాది?" అన్నాను.

"ఉన్నదానికంటే లావుగా చూపిస్తాది."

"బోరు కొలిచే గేజిని నాయన దేంతో సరిపెట్టేవాడు?"

"అదే మైక్రోమీటరుతో."

"అంటే దీంట్లో ఎంత తప్పో దాంట్లోనూ అంతే. పక్కింట్లో సొట్టశేరుతో బియ్యం బదులు తెచ్చి, అదే సొట్టశేరుతో తిరిగి కొలిచి ఇస్తే ఎవరికి నష్టం? పిస్టనుకూ బోరుకూ మధ్య ఉండాల్సిన సందు ఉండనే ఉంటాది. పసుపు కాదు గదా, పేడ పూసినా ఉంటాది."

"అక్కా, ఇది నీ క్లాసు కాదు" అన్నాడు వాడు. బెంగళూరు సారు మాత్రం నవ్వు ఆపి, కాదు కాదని కన్నడంలో అంటూ, "ఇల్ల ఇల్ల, మేడమ్ చెప్పేది కరెక్టు" అన్నాడు. ఆయన మీద నాకు అప్పుడే మంచి అభిప్రాయం కలిగింది.

గ్రీసంతా తుడిచి, కడిగి, ఏసీ గదిలోకి పెట్టినారు. ఆ గది ఏడాది పొడుగునా ఒకే చలువ. అంకెలు వాటంతటవే అద్దం మీద వెలుగుతాయి. ఎవరూ పైకి చదవనక్కరలేదు, ఎవరూ తిరిగి చెప్పనక్కరలేదు. పని సులువైంది, సరిగ్గానూ అయింది, కాదనను. నాయనకు ఇది చూపిస్తే గుడి మాదిరి చెప్పులు బయట విడిచి వచ్చేవాడు. కానీ ఆ గదిలో ఎవరూ చాప పరుచుకోరు. నేను గేజి అడిగి తీసుకొని, నాలుగు సిలిండర్లూ నేనే కొలిచినాను. పైన, నడుమ, కింద, అడ్డంగా. కావాలనే ఒక్కో అంకె పైకి చదివినాను. ఎవరూ తిరిగి చెప్పలేదు. నాలుగూ గుండ్రంగా, సమంగా ఉన్నాయి. టార్చి వేసి చూస్తే నాయన ఆఖరున నునుపు చేయడానికి తిప్పిన హోనింగు రాయి గీతలు, నేత మాదిరి, అడ్డంగా నిలువుగా చెక్కుచెదరకుండా ఉన్నాయి. పిస్టన్ బిగుసుకొని ఉంటే గోడలు చీరుకుపోయి ఉండాలి. ఒక్క గాటు లేదు.

"మరి ఎందుకు పట్టేసింది?" అన్నాడు రమణ. ఇప్పుడు వాని మొగంలో నవ్వు లేదు.

బ్లాకులోని నీళ్ల గదికి మూతలన్నీ బిగించి, నీళ్లు నింపి, గాలి కొట్టినాడు. బ్లాకును తలకిందులు చేసి ముగ్గురమూ ఒంగి చూసినాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మూడో సిలిండరు అడుగున, నాయన తీసిన గాడిలో, ఒక చుక్క పుట్టింది. మెల్లగా లావై, ట్యూబులైటు వెలుతురును కడుపులో పెట్టుకొని, జారిపోయింది. ఇంకొకటి పుట్టింది. నాయన చెక్కిన చోట గోడ పలచనైపోయి, నడిచినన్నాళ్లూ వేడికి నిలిచి నిలిచి, ఒకనాడు చిట్లింది. నీళ్లు నూనెలోకి దిగినాయి. నీళ్లు కలిసిన నూనె కాఫీ రంగుకు తిరుగుతుంది. అది క్రాంకు బేరింగులను కాపాడలేదు. బేరింగులు కాలి, ఇంజను పట్టేసింది. అంటే నేను వేపపుల్ల నములుతూ చూసిన మడుగు అదే. నాయన అందరికంటే ముందే లేచి, నూనె దించి, మన్ను కప్పిన మడుగు. ఇన్నేళ్లూ అందమైన జ్ఞాపకంగా దాచుకున్నదాని పేరు నాకు అప్పుడు తెలిసింది.

రమణ స్టూలు మీద కూలబడి, "నాయనకు తెలుసన్నమాట" అన్నాడు. తర్వాత, "ఇంక ఎవరికీ ఆ కత చెప్పను లే అక్కా" అన్నాడు. సారు బ్లాకు వద్దనలేదు. ఆ గాడికి లోపల తొడుగు వేసి, పూడ్చి, మళ్లీ కడదామన్నాడు.

ఇంట్లోకి పోయేసరికి అమ్మ మంచం మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతా ఉంది. పక్కన కూర్చొని చెప్పినాను. పసుపుది తప్పు కాదని, లోపల గాడి దగ్గర గోడ చిట్లి నీళ్లు కారినాయని, ఇన్నాళ్లూ పడిన మాటలన్నీ నువ్వు ఊరికే పడినావని. గెలిచినట్లే చెప్పినాను, ఒప్పుకుంటాను. ఆయమ్మ ఒక కాయ తుంచి, నార తీసి, గింజ చూసి, "మూడోదేనా?" అంది.

నేను ఎన్నోదో చెప్పలేదు.

"అమ్మా, నీకు తెలుసా?" అన్నాను.

"ఏమో మే. ఆ పొద్దు సంగట్లోకి ఊరుబిండి నూరినా. మీ నాయన తినకుండా చెయ్యి కడుక్కున్యాడు. అదొకటి గుర్తుండాది" అంది. ఇంక ఎన్ని విధాలుగా అడిగినా చిక్కుడుకాయల గురించే మాట్లాడింది. మరుసటి దినమూ అంతే. నేను ఎంత నోరుగలదాన్నో అందరికీ తెలుసు. ఆ నోరు ఎక్కడినుంచి వచ్చిందో, దాన్ని మూసుకోవడం ఎంత బాగా తెలిసిన మనిషి నుంచి వచ్చిందో, నాకు ఇప్పుడు తెలిసింది.

నాయనను నేను మైక్రోమీటరంత నమ్మినాను. వేడి తగలని చోట, నిద్రలేచిన చలువలో, అబద్ధం చెప్పని మనిషి అనుకున్నాను. ఆ బ్లాకును అమ్మకుండా, గ్రీసు పూసి, కానుగచెట్టు కింద ఎందుకు ఉంచినాడో, ఎవరైనా ఒకనాడు విప్పి చూడాలనే ఉంచినాడో నాకు తెలియదు. ఆ బండ మీద కూర్చొని చదువుకుంటున్న నన్ను చూస్తూ ఎన్ని సాయంత్రాలు గడిపినాడు ఆయన! మన్ను కప్పడానికీ, ఓబిరెడ్డి మామ రావడానికీ మధ్య కొంత పొద్దు ఉంది. ఆ పొద్దులో వాళ్లిద్దరూ గడప దగ్గర ఒక్క నిమిషం నిలబడినట్లు గుర్తు. మాట్లాడుకున్నారో, ఊరికే నిలబడినారో తెలియదు. నాకు మిగిలిన ప్రశ్న ఇది ఒక్కటే, దీన్ని కొలిచే పనిముట్టు రమణ గదిలో లేదు. పసుపుదే తప్పన్న ఆ మాట నాయన అడిగితే చెప్పిందా మా అమ్మ, అడగకుండానే చెప్పిందా?